గంతలు కట్టుకుని జాజ్: ఆరు వారాల డైరీ

మొదలు

రికార్డు అట్ట కనబడనివ్వకుండా పాట పెట్టి "ఎవరు వాయిస్తున్నారో చెప్పు చూద్దాం" అనే ఆట మాకు కొత్తేమీ కాదు. ఎప్పుడు కలిసినా చివరికి అదే జరిగేది. కాకపోతే ఒక పద్ధతంటూ ఉండేది కాదు, ముందుగా గట్టిగా అరిచినవాడిదే గెలుపు. ఈసారి దాన్నొక ప్రాజెక్టులా చేద్దామని కూర్చున్నాం. ఆరుగురం, ఆరు వారాలు. వారానికొకరు ఎనిమిది పాటలు తేవాలి. తెచ్చినవాళ్ళు ఆ వారం ఆడకూడదు. లెక్కలు, గొడవలు రాసిపెట్టే పని నా నెత్తిన పడింది.

మనుషుల సంగతి ముందే చెప్పేస్తాను. రికార్డులు పోగుచేసే పెద్దాయన ఒకరున్నారు, ఆయన్ని అందరం గురువుగారనే పిలుస్తాం. పియానో వచ్చిన అక్క ఉంది. ఒక డ్రమ్మర్, గిటార్ నేర్చుకుంటున్న తమ్ముడు. ఏ వాద్యమూ రానివాళ్ళం ఇద్దరం, నేనూ ఇంకో మిత్రుడూ. వినడం తప్ప మాకు వేరే పని లేదు.

ఈ ఆటకు పెద్ద వంశవృక్షమే ఉంది. లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1946లో మెట్రొనోమ్ పత్రికలో దీన్నొక శీర్షికగా నడిపాడు. సంగీతకారుణ్ణి కూర్చోబెట్టి, పేర్లు చెప్పకుండా రికార్డులు వినిపించి, ఏమనిపించిందో రాసుకునేవాడు. పేరు బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్. తర్వాత దాన్ని డౌన్‌బీట్ పత్రికకు తీసుకెళ్ళాడు. అందులో నాకు బాగా నచ్చేది 1951 నాటి ముచ్చట. వాయిస్తున్నది నల్లవాళ్ళో తెల్లవాళ్ళో వినగానే చెప్పేస్తానని ట్రంపెట్ వాద్యకారుడు రాయ్ ఎల్డ్రిడ్జ్ పందెం కాశాడు. తీరా వినిపిస్తే చాలావాటికి తప్పు చెప్పాడు. ఎల్డ్రిడ్జ్ అంటే ఆషామాషీ చెవి కాదు. అంతటివాడే బోల్తా పడ్డాడంటే మనమెంత అని ధైర్యం తెచ్చుకున్నాం.

మొదటి వారం (పాటలు నావి)

తయారీకే మూడు సాయంత్రాలు పట్టింది. పాటలు ఎంచుకోవడం అరగంట పని, మిగతాదంతా వాటికి ముసుగు వెయ్యడం.

ఒక్కో పాటలోంచి రెండు నిమిషాల ముక్క తీశాను. అనౌన్సరు గొంతు, చప్పట్లు వచ్చే చోట కత్తిరించాను. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టి అన్నిటి మోతనూ ఒకే మట్టానికి, మైనస్ 18 లఫ్స్‌కి (మోతను కొలిచే లెక్క అది) తెచ్చాను. ఇది చెయ్యకపోతే గట్టిగా వినబడే పాటే మంచి పాట అనిపిస్తుంది, చెవి అంత అమాయకం. అయినా 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డుల నుంచి వచ్చినవి సన్నగా, గీరినట్టు ఉంటాయి కాబట్టి లెక్క సరిపోయినా చెవికి సరిపోలేదు. వాటిని చేత్తో కొంచెం పెంచాల్సి వచ్చింది.

బరబరమనే శబ్దం తీసెయ్యాలా అని చాలాసేపు తన్నుకులాడాను. దాన్నిబట్టి కాలం తెలిసిపోతుంది కదా. చివరికి ఉంచేశాను. 1925లో మైకు పెట్టి విద్యుత్తుతో రికార్డు చెయ్యడం మొదలైంది. అంతకుముందు అందరూ ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించేవాళ్ళు. ఆ తేడా చెవితో పట్టుకోవడం కూడా ఆటలో భాగమే అనుకున్నాను.

ఆట రోజు నా పరువు మూడో పాటకే పోయింది. ఫైళ్ళ పేర్లు 01, 02 అని మార్చాను గానీ లోపలి ట్యాగులు చెరపలేదు. పాట మొదలవగానే టీవీ తెర మీద ఆల్బమ్ బొమ్మతో సహా పేరు ప్రత్యక్షమైంది. "గంతలు కట్టమన్నది మాకు, నువ్వు కట్టుకున్నావేంట్రా?" అన్నాడు డ్రమ్మర్. ఆ పాట రద్దు. అప్పటినుంచి మెటాడేటా మొత్తం ఖాళీ చేసి వేవ్ ఫైలుగా తీస్తున్నాను, టీవీ ఆపేసి ఉంచుతున్నాను.

ఆ రోజు బాగా పండినవి రెండు. మొదటిది బెస్సీ స్మిత్ పాడిన సెయింట్ లూయీస్ బ్లూస్, 1925 జనవరిది, కొమ్ము కాలం నాటిది. గొంతు విన్న నాలుగు సెకన్లకే అందరూ బెస్సీ అని రాసేశారు. వెనకాల కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది అని గురువుగారొక్కరే రాశారు. మరి ఆ మూడో వాద్యం ఏమిటి? పియానో కాదు. అకార్డియన్ అని ఒకరు, చర్చి ఆర్గన్ అని ఒకరు. ఫ్రెడ్ లాంగ్‌షా వాయించిన హార్మోనియం అది. చెప్పగానే అక్క తల పట్టుకుంది. "హార్మోనియం అని తట్టింది, జాజ్‌లో ఎందుకుంటుందిలే అని కొట్టేశాను" అంటూ కాగితం చూపించింది. నిజంగానే రాసి కొట్టేసి ఉంది.

రెండోది కోల్‌మన్ హాకిన్స్ 1939లో వాయించిన బాడీ అండ్ సోల్. నేను కావాలనే రెండో కోరస్ నుంచి, అంటే పాట రెండో చుట్టు నుంచి పెట్టాను. టెనార్ శాక్సఫోన్ హాకిన్స్‌దని ముగ్గురు పట్టేశారు. పాట పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు, అదీ అందరికీ నోటికొచ్చిన పాట. అసలు ఆ రికార్డు మహత్యమే అది. మొదట్లో వరస కొంచెం తగిలించి, ఆ తర్వాత హాకిన్స్ దాన్ని వదిలేసి కింద ఉన్న కార్డుల (కలిపి పలికే స్వరాల గుంపుల) మీద కొత్త ఇల్లు కట్టుకుంటూ పోతాడు.

రెండో వారం (మిత్రుడివి)

ఆట బాగానే ఉంది, వాతావరణం బాలేదు. పేరు చెబితే ఐదు మార్కులు, పాట చెబితే రెండు అని పెట్టుకున్నాం. దాంతో అందరూ పేరు కోసమే వింటున్నారు. మొదటి పది సెకన్లలో పేరు తడితే ఇక విననే వినరు, తట్టకపోతే మొహం ముడుచుకుంటారు. తమ్ముడు ఎనిమిదింటిలో ఆరు కాగితాలు ఖాళీగా ఇచ్చాడు. "నాకు పేర్లు తెలీవు అన్నా, ఏం రాయను?" అన్నాడు. న్యాయమే.

అదే రాత్రి నేనూ అక్కా కూర్చుని మార్కుల పట్టీ తిరగేశాం. ఏయే వాద్యాలున్నాయో రాస్తే రెండు. ఏ దశాబ్దమో రాస్తే రెండు. నిర్మాణం, అంటే 12 బార్ల (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం) బ్లూసా, 32 బార్ల పాటా, ఇంకేదైనానా, దానికి రెండు. పేరుకు ఒక్కటే. ప్రతి జవాబు పక్కన "ఎందుకంటే" అని ఒక వాక్యం రాయాలి. అది లేకపోతే పేరు కరెక్టయినా సున్నా. పాట అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చుప్. పాటల్ని గుర్తుపట్టే యాప్ ఎవరి ఫోనులో వినబడినా ఆ వారం బహిష్కరణ.

మూడో వారం (తమ్ముడివి, అన్నీ బ్లూస్)

కొత్త పట్టీ పనిచేసింది. తమ్ముడు కూడా పోయిన వారం కక్ష బాగానే తీర్చుకున్నాడు.

మొదటి రెండు పాటలూ మౌతార్గాన్ వాయించే సానీ బాయ్ విలియమ్సన్‌వే, ఇద్దరు వేర్వేరు సానీ బాయ్‌లు. మొదటాయన జాన్ లీ విలియమ్సన్, షికాగోలో పేరు తెచ్చుకుని 1948లో అక్కడే హత్యకు గురయ్యాడు. రెండోవాడు రైస్ మిల్లర్. మొదటాయన బతికుండగానే, ఆర్కాన్సాలోని హెలెనా నుంచి వచ్చే రేడియో కార్యక్రమంలో అదే పేరు పెట్టుకుని మౌతార్గాన్ వాయించాడు. 1965 దాకా ఉన్నాడు. మేము పేరు కరెక్టే రాశాం, మనిషిని తప్పు రాశాం. మార్కు ఇవ్వాలా వద్దా అని పావుగంట రభస. వాక్యం చూసి ఇద్దామన్నారు గురువుగారు. డ్రమ్మర్ కాగితంలో "మొదటిది మాటకు మాట అందిస్తూ పరుగెత్తుతోంది, రెండోది ఊరిస్తూ ఆగి ఆగి గుసగుసలాడుతోంది, ఇద్దరూ ఒకరు కాదనుకుంటా" అని ఉంది. పేర్లేమీ తెలియకుండానే పట్టేశాడు. మార్కు అతనికే ఇచ్చాం.

నాలుగో పాట పెద్ద గుంట. డాన్స్ పాట, 1980ల డ్రమ్ము మోత, దాని చివర్లో వేడి వేడి బ్లూస్ గిటార్ సోలో. తీగను లాగి వదిలే తీరు బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్‌దే. నేను కళ్ళు మూసుకుని ఆల్బర్ట్ కింగ్ అని రాశాను. ఆయన ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాళ్ళ తీగల వరసనే తిరగేసి పట్టుకునేవాడు. అందుకే సన్న తీగలను మిగతావాళ్ళలా పైకి నెట్టడు, కిందికి లాగుతాడు. ఆ లాగుడులో ఒక పిండినట్టుండే శబ్దం వస్తుంది. "ఎందుకంటే" గడిలో ఇదంతా గొప్పగా రాశాను. తీరా చూస్తే అది 1983లో డేవిడ్ బోవీ పాడిన లెట్స్ డాన్స్. గిటార్ స్టీవీ రే వాన్, అప్పటికి సొంత ఆల్బమ్ కూడా రాని కుర్రాడు. అతను కుడిచేత్తోనే, అందరిలాగే వాయిస్తాడు. ఆల్బర్ట్ కింగ్‌ను అంతగా ఒంటపట్టించుకున్నాడు, అంతే. నా కారణం అందంగా ఉంది, మనిషే తప్పు. దశాబ్దానికి మాత్రం రెండు వచ్చాయి.

గిటార్ వాయిస్తూ బ్లూస్ పాడిన రాబర్ట్ జాన్సన్ వచ్చినప్పుడు ఆటే ఆగిపోయింది. 1936లో సాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో చేసిన ఆ 29 పాటలు అసలు వేగంకంటే ఎక్కువ వేగంతో వినబడుతున్నాయని ఒక వాదం ఉంది. తమ్ముడు ఆ వాదం మనిషి. నెమ్మది చేసిన ముక్క కూడా పట్టుకొచ్చాడు. గొంతు బరువెక్కింది కానీ గిటార్ మెత్తబడిపోయింది, నాకు నమ్మకం కుదరలేదు. రెండు వేర్వేరు ఊళ్ళలో, ఏడు నెలల తేడాతో చేసినవన్నీ ఒకేలా తప్పు వేగంతో ఎలా వస్తాయని గురువుగారు అడిగారు. తమ్ముడి దగ్గర జవాబు లేదు. ఈ వేగం గొడవ వచ్చే వారం నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు.

నాలుగో వారం (అక్కవి)

అక్క అస్థిపంజరాల రౌండ్ పెట్టింది. పాట పేరు, వాద్యకారుడి పేరు ఏదీ అక్కర్లేదు. వరస కింద ఏ పాత పాట ఎముకలు, అంటే కార్డులు ఉన్నాయో చెప్పాలి. గర్ష్విన్ 1930లో రాసిన ఐ గాట్ రిథమ్ కార్డుల మీద ఎంతమంది ఎన్ని కొత్త వరసలు కట్టారో లెక్కలేదు. సానీ రోలిన్స్ ఓలియో అదే. చార్లీ పార్కర్ 1945లో రికార్డు చేసిన కోకో కింద ఉన్నది చెరోకీ అనే పాత పాట. ఆయనదే ఆర్నితాలజీ కింద హౌ హై ద మూన్. కార్డుల క్రమం సొంత ఆస్తిగా లెక్కకు రాదు, పైన పాడే వరసకే హక్కులు. పాత పాటకు డబ్బు కట్టకుండా కొత్తది తయారు చేసుకోవడానికి అదొక దారి. అన్నిటికీ అదే కారణం కాదు, ఆ ఎముకలు వాళ్ళ వేళ్ళకు అలవాటైపోయాయి కూడా.

వాద్యం రానివాళ్ళం ఎలా పట్టుకోవాలి? అక్క ఒక కిటుకు చెప్పింది. వినబడుతున్నదాని మీద పాత పాటను మనసులో పాడుకుంటూ పోవడమే. ఎనిమిది బార్ల తర్వాత కూడా కొట్టుకోకపోతే అదే పాట. ఐ గాట్ రిథమ్ అయితే మధ్య ఎనిమిది బార్లలో కార్డులు రెండేసి బార్లు నిలబడతాయి, పెద్ద పెద్ద అంగలు వేసినట్టు. ఆ అంగలు వినబడితే మిగతాది ఎంత హడావిడిగా ఉన్నా దారి తెలుస్తుంది. నాకు ఆరింటిలో రెండు వచ్చాయి. మొన్నటిదాకా సున్నా వచ్చేది.

చివరి రెండు పాటలకు అక్క దగ్గర సమయం చాలక, నేను నా ఎల్పీ నుంచి ఎక్కించిన ఒక టెనార్ బ్లూస్ ఇచ్చాను. అది మొదలైన అర నిమిషానికే అక్క కీబోర్డు తీసింది. ఒక మెట్టు నొక్కింది, ఇంకోటి నొక్కింది.

"ఇది బీ శ్రుతిలో ఉందేంటి?"

"ఉంటే ఏమైంది?"

"టెనార్ వాళ్ళకు స్వరాలు ఒక మెట్టు పైకి జరిపి రాస్తారు, మన బీ అంటే వాళ్ళ కాగితం మీద సీ షార్ప్. ఏడు షార్పులు. సరదాగా బ్లూస్ వాయించుకునేవాడు ఏడు షార్పులు పెట్టుకుని ఎందుకు చస్తాడు? ఒక్క అరమెట్టు దిగితే బీ ఫ్లాట్, వాళ్ళకది తెల్లటి సీ."

అందరూ నావైపు చూశారు. పాట అయ్యాక టర్న్‌టేబుల్ దగ్గరికి వెళ్ళి చూశాను. పక్కనుండే పిచ్ స్లైడర్ ప్లస్ ఆరు దగ్గర ఉంది. ఎప్పుడు తగిలిందో ఏమో. అరమెట్టు అంటే వేగంలో దాదాపు ఆరు శాతం, అంటే నిమిషానికి 33⅓ తిరగాల్సిన రికార్డు 35 పైన తిరిగింది. ఆ నెలలో ఎక్కించినవన్నీ అంతే. పదకొండు ఎల్పీలు మళ్ళీ ఎక్కించాలి. ఇన్ని రోజులూ అవి వింటూ "ఎంత హుషారుగా ఉంది" అనుకున్నది నేనే.

గురువుగారు ఓదార్చారు. మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూకీ ఇదే జరిగింది. 1959 మార్చి 2న మొదటి సెషన్‌లో టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది, దాంతో మామూలు వేగంతో పెట్టినప్పుడు మొదటి వైపు మూడు పాటలూ కొంచెం పైస్థాయిలో పలికాయి. 1990లలో సరిచేసేదాకా లోకమంతా అలాగే వింది. రికార్డుతో పాటు వాయిస్తూ నేర్చుకున్నవాళ్ళు తమ వాద్యమే తప్పనుకుని మరలు తిప్పుకుని ఉంటారు. ఓదార్పు బాగానే ఉంది, నా పదకొండు ఎల్పీలు అలాగే ఉన్నాయి.

ఐదో వారం (గురువుగారివి)

ఈ వారం గురించి తక్కువ రాద్దామనుకున్నాను, కుదరదు.

ఐదో పాట. టెనార్ శాక్సఫోన్, తేలిగ్గా, వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) పెద్దగా లేకుండా, తాళం కంటే ఒక అడుగు వెనక తాపీగా నడుస్తోంది. కింద రిథమ్ గిటార్ నాలుగు దెబ్బలూ సమానంగా, చీపురుతో ఊడ్చినట్టు. డ్రమ్స్‌లో కాలితో మూసి తెరిచే జంట తాళాలు, హైహ్యాట్, గాలి పీల్చి వదులుతోంది. ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్, జో జోన్స్ డ్రమ్స్, వాల్టర్ పేజ్ బాస్ అని రాసుకున్నాను. మూడూ కరెక్టే. కౌంట్ బేసీ బృందంలో తాళం నడిపే రిథమ్ సెక్షన్ దొరికాక, పైన ఆ టెనార్ ఎవరిదో చెప్పాలా? లెస్టర్ యంగ్. ప్రెజ్, అంటే ప్రెసిడెంట్. కాగితం మీద రెండుసార్లు గీత కూడా కొట్టాను.

"ఏ దశాబ్దం?" అని అడిగారు గురువుగారు. రికార్డింగ్ చాలా శుభ్రంగా ఉంది, 1930లు కాదు. 1950లు అని రాశాను. ఆయన నవ్వలేదు, కానీ కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది ఆయన నవ్వే పద్ధతి.

అది పాల్ క్వినిషెట్. 1957లో తీసిన ఫర్ బేసీ అనే ఆల్బమ్. లెస్టర్‌ను ప్రెజ్ అంటే, ఆయన్ని అంతగా పోలి వాయించే ఇతన్ని వైస్ ప్రెజ్ అనేవాళ్ళు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. "క్వినిషెట్ అంటే నకలు, అసలు ఉండగా నకలు ఎందుకు వినాలి" అని రెండేళ్ళుగా చెప్పుకుంటూ తిరిగింది నేనే. గురువుగారు అది మర్చిపోలేదు.

ఆయన నొప్పి లేకుండా అడిగిన ప్రశ్న ఇది: "1957లో లెస్టర్ ఎలా వాయిస్తున్నాడు?" దానికి జవాబు నా దగ్గరే ఉంది. అప్పటికి ఆయన శబ్దం చిక్కబడింది, బరువెక్కింది, మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. ఇంకో రెండేళ్ళకు 1959లో చనిపోయాడు. ఆ ఏడాది వినబడే లెస్టర్ ఇంత తేలిగ్గా ఉండడు. 1957లో 1938 నాటి లెస్టర్‌లా వాయించేది లెస్టర్ కాదు, క్వినిషెట్. దశాబ్దం సరిగ్గా రాసి, శబ్దం సరిగ్గా వర్ణించి, ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. పేరు ముందే తట్టేసింది కదా, ఇక చూసేదెవరు.

నా "ఎందుకంటే" వాక్యం: "ఇంత హాయిగా ఊపిరి తీసుకుంటూ వాయించేవాడు ఇంకొకడు లేడు." గురువుగారు అది అందరికీ చదివి వినిపించారు. తమ్ముడు దాన్ని ఫోటో తీసుకున్నాడు.

ఇంటికెళ్ళి ఆ ఆల్బమ్ మొత్తం విన్నాను. రెండుసార్లు. నకలు అనే మాట వెనక్కి తీసుకుంటున్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను, గురువుగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఆరో వారం (డ్రమ్మర్‌వి)

సాంకేతికంగా ఏ ఇబ్బందీ లేదు. పిచ్ స్లైడర్‌ను సున్నా దగ్గర టేపు వేసి అతికించాను. పదకొండింటిలో ఏడు ఎల్పీలు మళ్ళీ ఎక్కించడం అయింది.

డ్రమ్మర్ మంచి పనొకటి చేశాడు. ప్రతి పాటలో డ్రమ్స్ మాత్రమే వినబడే నాలుగు బార్లు ముందు పెట్టి, రాయించుకున్నాకే మిగతాది వినిపించాడు. నాకు అక్కడ ఏమీ అందలేదు, మార్కులు కూడా చెప్పను. అక్కకు మాత్రం ఆర్ట్ బ్లేకీ ప్రెస్ రోల్ (పుల్లల్ని డ్రమ్ముకు అదిమి మోగించే గరగర) రెండు సెకన్లలో దొరికింది, అల వచ్చి విరిగినట్టు ఉంటుందని రాసింది.

ఎనిమిదో పాట ఎవరికీ రాలేదు. రూల్ ప్రకారం పేరు చెప్పెయ్యాలి, కానీ చెప్పొద్దని మేమే ఆపాం. చిన్న బృందం, మీడియం టెంపో బ్లూస్. మధ్యలో బాస్ సోలో, విల్లుతో వాయిస్తూ అదే వరసను నోటితో కూడా హమ్ చేస్తున్నాడు. ఇలా చేసేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు. స్లామ్ స్టూవర్ట్ బాస్ కంటే ఒక స్థాయి పైన పాడతాడు. మేజర్ హోలీ బాస్ పలికే స్థాయిలోనే పాడతాడు. కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే, గొంతు పైన ఉందా, పక్కనే ఉందా.

వినడానికి సులువనిపిస్తుంది. బాస్ మీద విల్లు లాగినప్పుడు వచ్చే పైస్వరాలు గొంతులో కలిసిపోతున్నాయి, మొదటిసారి పైనుందనిపించింది, రెండోసారి లేదనిపించింది. ఈ సాయంత్రం అక్క కీబోర్డు అరువు తెచ్చుకుని ఒక్కో స్వరం వెతుక్కుంటూ కూర్చున్నాను. నాలుగో బార్ దాకా వచ్చాను. ఇప్పటికైతే రెండూ ఒకే స్థాయిలో ఉన్నట్టున్నాయి. హోలీ అని రాశాను, పెన్సిల్‌తో.